బాడీ చల్లగానే ఉంది, లోపల ఎల్ఈడీ ఉడుకుతోంది: ఒక చెరువు టార్చి కేసు

పాత మెటల్ టార్చిలో బల్బు తీసేసి ఎల్ఈడీ మాడ్యూల్ పెట్టుకోవడం చాలా తేలిక. తల విప్పాలి, పాతది తీయాలి, కొత్తది దించాలి, బిగించాలి. అందుకే ఎవరికి వాళ్ళు ఇంట్లోనే చేసేసుకుంటారు. వేడి సంగతి మాత్రం ఎవరూ చూడరు, చూసినా తలకిందులుగా చూస్తారు. చేతికి చల్లగా తగిలిందంటే అంతా బాగానే ఉందనుకుంటారు. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఇందులో బాడీ చల్లగా ఉండటమే అసలు జబ్బు లక్షణం.

నేపథ్యం

ఆయన గోదావరి డెల్టాలో వనామీ రకం రొయ్యల చెరువులు లీజుకు చేసే రైతు. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు అన్నీ తీసేశాను. రొయ్యల చెరువు చేసేవాళ్ళకి టార్చి ఎంత అవసరమో బయటివాళ్ళకి తెలియదు. పగలు ఎండకి నీళ్ళలోని ప్లాంక్టాన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే ప్లాంక్టాన్ ఆక్సిజన్ వాడేసుకుంటుంది, అందుకని తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. ఆ వేళప్పుడు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఒకటి ఆగిపోయి ఎవరూ చూసుకోకపోతే రొయ్య పైకి తేలుతుంది, ఇంకాస్త ఆలస్యమైతే పంటే పోతుంది. అందుకే రాత్రంతా గట్ల మీద తిరుగుతూ రెండు రకాలుగా టార్చి వేస్తారు. అవతలి గట్టు దగ్గర ఏరేటర్ తిరుగుతోందా, నీటి అంచున రొయ్య కళ్ళు మెరుస్తున్నాయా అని దూరం చూడటం ఒకటి. చెక్ ట్రే, అంటే మేత వేసి నీళ్ళలో దించే పళ్ళెం, పైకి లాగి మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా అని దగ్గరగా చూడటం ఇంకొకటి. ఈ రెండు అవసరాలూ గుర్తుపెట్టుకోండి, చివరికి ఏ ఎల్ఈడీ పెట్టాలన్నది వీటిని బట్టే తేలింది.

టార్చి పాతకాలం ష్యూర్‌ఫైర్ 6పీ, అమెరికా నుంచి వచ్చిన బంధువు ఇచ్చింది. మంచి అల్యూమినియం బాడీ. దాంట్లో మొదట ఉండేది పీ60 అనే బల్బు మాడ్యూల్. రెండు సీఆర్123ఏ సెల్స్‌తో 6 వోల్టుల మీద 65 ల్యూమెన్లు (మొత్తం వెలుగు కొలత), అదీ ఒక గంటసేపు. ఆ సెల్స్ ఛార్జింగ్ చేసుకునేవి కావు, ఊళ్ళో దొరకవు, దొరికినా రేటు ఎక్కువ. అందుకని ఆయన లేత్ షాపులో బాడీ లోపల బోరు పెద్దది చేయించి ఛార్జింగ్ చేసుకునే 18650 సైజు లిథియం సెల్ పట్టేలా చేసుకున్నారు, ఆన్‌లైన్‌లో పీ60 సైజు ఎల్ఈడీ మాడ్యూల్ కొని దించేశారు. ప్యాకెట్ మీద వెయ్యి ల్యూమెన్ల పైనే రాసి ఉంది. సెల్ మీద దాని సామర్థ్యం 9800 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) అని రాసి ఉంది. 18650 సైజులో మంచి కంపెనీల సెల్స్ కూడా 3500 దాటడం అరుదు, కాబట్టి ఆ అంకె చూడగానే సెల్ మీద నమ్మకం పోయింది.

వచ్చిన సమస్య

వెయ్యగానే చెరువంతా పగలులా కనిపిస్తుంది, పది నిమిషాలకల్లా మసకబారుతుంది, వెలుగు నీలంగా మారుతుంది. కాసేపు ఆపి వేస్తే మళ్ళీ బాగానే వస్తుంది. రెండో ఫిర్యాదు నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. తక్కువ వెలుగులో పెట్టుకుని ఏరేటర్ వైపు వేస్తే చిమ్మే నీళ్ళు చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయట, కాసేపటికి కళ్ళు లాగుతాయట.

"వేడి సమస్య కాదండి, పట్టుకుంటే ఏమీ కాలట్లేదు. బ్యాటరీయే చూడండి" అన్నారు.

ఆయన అన్నది సగం నిజమే. కానీ నన్ను ఆలోచనలో పడేసింది ఆ "ఏమీ కాలట్లేదు" అన్న మాటే. ఎల్ఈడీకి వెళ్ళే కరెంటుని అదుపుచేసే డ్రైవర్ బోర్డు మీద ఏఎంసీ7135 చిప్‌లు ఎనిమిది ఉన్నాయి, ఒక్కోటి 350 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.8 ఆంపియర్లు. ఎల్ఈడీ ఎక్స్‌ఎమ్-ఎల్ అనే మోడల్ సైజుది, ఆ కరెంటు దగ్గర 3.3 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. లెక్క వేస్తే 9 వాట్లకి పైనే. అందులో సుమారు మూడో వంతే వెలుగవుతుంది, మిగతా 6 వాట్లు వేడి. ఇంకా ఈ డ్రైవర్ లీనియర్ రకం, సెల్ వోల్టేజీకీ ఎల్ఈడీ వోల్టేజీకీ ఉన్న తేడాని కూడా వేడిగానే కాల్చేస్తుంది, నిండు ఛార్జింగ్‌లో అది ఇంకో 2 వాట్లు. మొత్తం 8 వాట్ల వేడి ఆ చిన్న తలలో పుడుతుంటే బాడీ చల్లగా ఎలా ఉంటుంది? పుట్టిన వేడి బయటికి రావడం లేదు, అంతే.

ముందు సెల్ సంగతి తేల్చడం

అలా అనిపించినా వెంటనే మాడ్యూల్ విప్పలేదు. రెండు కారణాలు కలిసి ఉన్నచోట ఒకదాన్ని పూర్తిగా పక్కకి తీసేస్తేనే రెండోది ఎంతో తెలుస్తుంది. సెల్ మార్చడం అన్నిటికంటే తేలికైన పని, కాబట్టి అదే ముందు. ఆయన సెల్‌తో వెలిగిస్తే లోడ్ మీద వోల్టేజీ చూస్తూ చూస్తూ 3.4కి దిగిపోయింది. అక్కడ ఈ డ్రైవర్ తన కరెంటు తాను నిలబెట్టుకోలేదు. నిజాయితీగా 2600 ఎంఏహెచ్ ఇచ్చే సెల్ పెట్టాను. కరెంటు 2.8 దగ్గర కదలకుండా నిలబడింది. అయినా పది నిమిషాల్లో వెలుగు వందకి డెబ్బైకి పడింది. తెల్ల సీలింగ్ మీదికి వేసి, ఒకేచోట పెట్టిన ఫోన్ లక్స్ మీటర్‌తో చూశాను. ఫోన్ చూపించే అంకె నిజమైన లక్స్ కాకపోవచ్చు, మొదటికీ చివరికీ మధ్య తేడా చెప్పడానికి మాత్రం పనికొస్తుంది.

కరెంటు తగ్గలేదు, వెలుగు తగ్గింది. అంటే ఎల్ఈడీ వేడెక్కి వెలుగు కోల్పోతోంది. తర్వాత లెన్స్ తీసి, రిఫ్లెక్టర్ రంధ్రంలోంచి మల్టీమీటర్‌కి ఉండే, వేడి కొలిచే థర్మోకపుల్ తీగ దించి, ఎల్ఈడీ అతికి ఉన్న చిన్న ప్లేటుకి, స్టార్ అంటాం కదా, దానికి ఆనించి చూశాను. అయిదు నిమిషాలకి స్టార్ 110 డిగ్రీలు దాటింది. బాడీ 37. ఎల్ఈడీ లోపల వెలుగు పుట్టే చోటు, అంటే జంక్షన్, స్టార్ కంటే ఇంకా వేడిగా ఉంటుంది. 150 డిగ్రీలు దాని ఆఖరి హద్దు. నీలంగా మారడం కూడా ఇక్కడి నుంచే, వేడికి ఎల్ఈడీ నీలం వెలుగుని తెలుపు చేసే పసుపు ఫాస్ఫర్ పూత పని తగ్గి నీలం పైకి తేలుతుంది.

ఈ 110కీ 37కీ మధ్య తేడా చూపించాకే ఆయనకి నమ్మకం కుదిరింది.

ఫాయిల్ చుట్టి చూడటం

పీ60 డిజైన్ బల్బు కోసం పుట్టింది. బల్బు వేడిని చాలావరకు కాంతితో పాటే ముందుకి పంపించేస్తుంది, కాబట్టి మాడ్యూల్‌కీ బాడీకీ మధ్య ఖాళీ ఉన్నా పర్వాలేదు. ఎల్ఈడీ అలా కాదు, దాని వేడంతా వెనక్కే వెళ్ళాలి. ఈ టార్చిలో చుట్టూ దాదాపు అర మిల్లీమీటరు గాలి ఖాళీ ఉంది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. 26 మిల్లీమీటర్ల మాడ్యూల్, 3 సెంటీమీటర్ల పొడవు అనుకుని లెక్క వేస్తే, గాలి మాత్రమే అడ్డున్నప్పుడు 6 వాట్లు అవతలికి వెళ్ళడానికి 45 డిగ్రీల పైన తేడా కావాలి. గాలి వేడిని మోయడంలో అల్యూమినియం కంటే వేల రెట్లు అధ్వానం.

ఆ ఖాళీని అల్యూమినియం ఫాయిల్ చుట్టి నింపడం అందరికీ తెలిసిన చిట్కా. వంటింటి ఫాయిల్ పొరలు పొరలుగా చుట్టి, బిగుతుగా నెట్టితేగానీ దిగనంత మందం వచ్చేలా చేశాను. ఖర్చు లేదు, పోయేదేమీ లేదు, ఎక్కడ అడ్డు ఉందో కూడా చెబుతుంది. బాడీ ముందుకంటే త్వరగా వేడెక్కింది, అంటే ఆ అడ్డు తగ్గింది. కానీ స్టార్ వేడి పదిహేను డిగ్రీలకి మించి దిగలేదు. వెలుగు ఇంకా తగ్గుతూనే ఉంది.

ఇక్కడ చాలామంది ఫాయిల్ ఇంకా మందంగా చుట్టడమో, ఫాయిల్ పనికిరాదని వదిలేయడమో చేస్తారు. రెండూ సరికావు. వేడి ఎల్ఈడీ నుంచి స్టార్‌కి, స్టార్ నుంచి పిల్ అనే ఇత్తడి గిన్నెకి, అక్కడి నుంచి బాడీకి, బాడీ నుంచి గాలికి వరుసగా వెళ్ళాలి. పైన తూము పూడిపోయి ఉంటే కింద కాలువ ఎంత వెడల్పు చేసినా చేనుకి నీళ్ళు రావు. కింది అడ్డు తీసినా పెద్దగా మార్పు లేదంటే పై అడ్డు పెద్దదని అర్థం.

పిల్ విప్పితే కనిపించింది

లోపల గుల్ల. స్టార్ కింద గట్టి లోహం ఉండాల్సిన చోట ఖాళీ ఉంది, స్టార్ చుట్టూ ఉన్న సన్నని అంచు మీద మాత్రమే కూర్చుంది. ఆ అంచు మీద వేడిని దాటించే తెల్ల పేస్ట్ ముద్దలా పెట్టారు, స్టార్ వేలితో కదిపితే కదులుతోంది. సరిగ్గా ఎల్ఈడీ నడుం కింద, వేడి దిగాల్సిన చోట, గాలి. పైగా స్టార్ మామూలు అల్యూమినియంది. దానిలో రాగి గీతకీ అల్యూమినియానికీ మధ్య కరెంటు ఆపే పొర ఒకటి ఉంటుంది, ఆ పొర వేడిని కూడా ఆపుతుంది.

గుల్లని థర్మల్ గ్లూతో నింపేస్తే పోదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. మంచి థర్మల్ గ్లూ కూడా ఇత్తడి మోసే వేడిలో యాభయ్యో వంతో వందో వంతో మోస్తుంది. రెండు లోహాల మధ్య కాగితమంత పొరగా అయితే సరే, సెంటీమీటరు దిమ్మలా పోస్తే అది దుప్పటే అవుతుంది. అందుకని ఆ దారి వద్దనుకున్నాను.

లేత్ షాపులో రాగి కడ్డీ ముక్క తీసుకుని పిల్ లోపలికి బిగుతుగా దిగే సైజుకి తిప్పించాను. పిల్‌ని వేడిచేసి రాగి ముక్కని నొక్కితే చల్లారాక కదలదు. తీగలకి రెండు రంధ్రాలు. పైన స్టార్ కూడా రాగిదే, డైరెక్ట్ థర్మల్ పాత్ రకం, అంటే ఎల్ఈడీ నడిమి ప్యాడ్ కింద ఆ పొర ఉండదు, ప్యాడ్ నేరుగా రాగికే టంకం పడుతుంది. ఈ ఎల్ఈడీల నడిమి ప్యాడ్‌కి కరెంటుతో సంబంధం లేదు కాబట్టి అలా చేయొచ్చు. స్టార్ కింద పేస్ట్ పల్చగా, అంతటా. పేస్ట్ ఎక్కువ పూస్తే ఎక్కువ మేలు అనుకోవద్దు, గరుకులో ఉన్న గాలిని తరమడానికి ఎంత కావాలో అంతే. పిల్‌కీ రిఫ్లెక్టర్‌కీ మధ్య బిగించే మరల గాడుల మీద కూడా కొంచెం. ఫాయిల్ బదులు ఈసారి పల్చటి రాగి రేకు.

అప్పుడు వెలిగిస్తే స్టార్‌కీ బాడీకీ మధ్య తేడా పదిహేను డిగ్రీల లోపుకి వచ్చేసింది. వెలుగు నిలబడింది.

చేతిలో పట్టుకోలేని టార్చి

ఇక్కడితో కథ అయిపోయిందని రాసే మాడ్యూల్ రాతలు చాలా ఉంటాయి. కానీ అసలు పాఠం దీని తర్వాతే మొదలైంది. బల్ల మీద ఫ్యాన్ లేకుండా 12 నిమిషాలు ఉంచితే బాడీ 59 డిగ్రీలు చూపించింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. ఆయన చెరువు దగ్గరికి తీసుకెళ్ళి రెండు రాత్రులు వాడి వెనక్కి తెచ్చారు. గట్టు మీద నడుస్తున్నప్పుడు సరే, మకాంలో, అంటే చెరువు దగ్గరి షెడ్డులో, టార్చి నిలబెట్టి వెలుగు పైకప్పుకి కొట్టేలా పెట్టుకుని మేత లెక్క రాసుకున్నారట, మళ్ళీ తీయబోతే చెయ్యి చురుక్కుమంది.

"ఇప్పుడు నిజంగానే కాలుతోందండి" అన్నారు.

కాలడం సహజం. ఆ బాడీ బయటి ఉపరితలం మొత్తం 130 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. గాలి కదలని చోట ఆ వైశాల్యం చుట్టూ ఉన్న గాలికంటే 10 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర వాట్లు మాత్రమే వదిలించుకోగలదు. 8 వాట్లు వదలాలంటే 50 డిగ్రీల పైన ఎక్కాలి. మన వైపు రాత్రి కూడా 28, 30 ఉంటుంది, కలిపితే 80 దాటుతుంది. చేతిలో ఉంటే చెయ్యి కొంత వేడి లాక్కుంటుంది, నడిస్తే గాలి కొంత. మకాంలో అవేవీ లేవు. పైగా లోపల లిథియం సెల్ ఉంది, మామూలుగా ఈ సెల్స్‌కి వాడేటప్పుడు 60 డిగ్రీలే హద్దు. మునుపు వేడి ఎల్ఈడీ దగ్గరే ఆగిపోయి ఎల్ఈడీని మాత్రమే కాల్చేది, ఇప్పుడు దారి బాగుపడి సెల్ దాకా వస్తోంది. దారి బాగుచేసి కరెంటు అలాగే ఉంచడం నా దృష్టిలో సగం పని కూడా కాదు, ఒక రకంగా ముందుకంటే ప్రమాదం.

కాబట్టి పుట్టే వేడినే తగ్గించాలి. ఆయన ఒప్పుకోరు, వెలుగు తగ్గితే అవతలి గట్టు కనపడదని భయం. ఆ భయంలో న్యాయం ఉంది. అక్కడే ఎల్ఈడీ ఎంపిక గురించి మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాను.

దూరం ఎంత కొడుతుందన్నది మొత్తం ల్యూమెన్ల మీద ఆధారపడదు. అదే రిఫ్లెక్టర్‌లో అయితే, ఎల్ఈడీ ఉపరితలం ఒక్కో చదరపు మిల్లీమీటరు ఎంత ప్రకాశంగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఎక్స్‌ఎమ్-ఎల్ వెలిగే భాగం దాదాపు 4 చదరపు మిల్లీమీటర్లు. ఎక్స్‌పీ-జీ2 అనే చిన్న ఎల్ఈడీది అందులో సగం, 2 చదరపు మిల్లీమీటర్లు. అంటే దీనికి 1.4 ఆంపియర్లు ఇస్తే, దానికి 2.8 ఇచ్చినంత తీవ్రత వస్తుంది. నడిమి మచ్చ అంతే ప్రకాశంగా ఉంటుంది, కాకపోతే చిన్నదవుతుంది. వేడి మాత్రం సగం. ఎక్స్‌పీ-జీ2 హద్దు 1.5 ఆంపియర్లు కాబట్టి 1.4 సరిగ్గా సరిపోతుంది. ఆయనకి కావాల్సింది అవతలి గట్టు ఏరేటర్, చెరువంతా ఒకేసారి కనపడటం కాదు.

రంగు కూడా మార్చాను. తెల్లగా నీలం కలిసిన వెలుగు బదులు న్యూట్రల్ వైట్, అంటే నీలం తక్కువున్న తెలుపు. చెక్ ట్రేలో రొయ్య పేగు గీత గోధుమరంగో నలుపో తేడా తెలియాలంటే నీలం వెలుగు పనికిరాదు, తెల్లవారుజాము మంచులో కూడా నీలం వెలుగు ఎక్కువగా కళ్ళలోకి తిరిగి కొడుతుందని నాకనిపిస్తుంది.

ఇక డ్రైవర్. నీళ్ళు చుక్కలుగా కనపడటానికి కారణం, పాత డ్రైవర్ తక్కువ వెలుగు కోసం ఎల్ఈడీని సెకనుకి కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగించడం. నిలబడి ఉన్న గోడ మీద తెలియదు, ఎగిరే నీటిచుక్క మీద వెంటనే తెలుస్తుంది. ఎనిమిది చిప్‌లలో నాలుగే ఉంచి, ఒకదాన్ని, వాటిని నడిపే చిన్న కంప్యూటర్ చిప్ మైక్రోకంట్రోలర్ ఒక కాలికి, మిగతా మూడింటిని ఇంకో కాలికి కలిపి, ప్రోగ్రామ్ మార్చాను. ఇప్పుడు రెండే దశలు. ఒక చిప్ పూర్తిగా ఆన్, 350 మిల్లీ ఆంపియర్లు. నాలుగూ ఆన్, 1.4 ఆంపియర్లు. ఎక్కడా ఆర్పి వెలిగించడం లేదు. రాత్రి మూడింటికి నిద్రకళ్ళతో నొక్కే మనిషికి స్ట్రోబ్, ఎస్ఓఎస్ లాంటి మిణుకు దశలు ఎందుకు? అవి తీసేశాను.

చిన్న చిక్కొకటి వచ్చింది. ఎక్స్‌పీ-జీ2 సైజు చిన్నది, రిఫ్లెక్టర్ రంధ్రం పెద్ద ఎల్ఈడీకి చేసింది. మధ్యలో కుదరకపోతే వెలుగు ఒక పక్కకి పోతుంది, రిఫ్లెక్టర్ లోహం స్టార్ మీది టంకానికి తగిలితే షార్ట్ అవుతుంది. ప్లాస్టిక్ సెంటరింగ్ రింగ్ పెట్టి, మందం అరగదీస్తూ మచ్చ గుండ్రంగా, నిండుగా వచ్చేదాకా సరిచేశాను. దీనికే ఎక్కువ సమయం పట్టింది.

ఫలితం

బల్ల మీద ఎక్కువ వెలుగులో అరగంటకి బాడీ 50 దగ్గర ఆగింది, చేతిలో పట్టుకుని తిరిగితే 40 చుట్టూ ఉంది. వెలుగు తగ్గడం నూటికి పది కూడా లేదు. 2600 సెల్‌తో ఎక్కువలో రెండు గంటలకి కొంచెం తక్కువ, తక్కువలో ఏడు గంటలు. అవతలి గట్టు మునుపటిలాగే కనపడుతోందని చెప్పారు, "పక్కల మాత్రం వెలుగు తగ్గిందండి" అని కూడా అన్నారు. అది నిజమే, ఈ ఎంపికలో ఇచ్చుకున్న మూల్యం అది. గట్టు మీద నడవడానికి తక్కువ వెలుగే చాలుతోంది కాబట్టి ఆయన సర్దుకున్నారు.

పంట పట్టుబడి అయ్యాక మళ్ళీ తెచ్చారు, ఈసారి స్విచ్ నొక్కకుండానే టార్చి వెలుగుతోందని. బోరు చేసినప్పుడు బాడీ లోపలి అనోడైజింగ్, అంటే కరెంటు ఆపే పైపొర, పోతుంది, వట్టి లోహం బయటపడుతుంది. సెల్ ప్లాస్టిక్ తొడుగు ఒకచోట చిరిగి లోపలి రేకు ఆ లోహానికి తగిలింది. సెల్ రేకు నెగటివ్, బాడీ కూడా నెగటివ్ దారే, కాబట్టి షార్ట్ కాలేదు, స్విచ్‌ని దాటేసి వెలిగింది. తొడుగు మార్చి, లోపల పల్చటి పాలియెస్టర్ గొట్టం పెట్టాను. మరల గాడుల మీద ఉప్పుగాలికి తెల్లగా పేరుకున్నది తుడిచి సిలికాన్ గ్రీజు రాశాను. అక్కడ కాంటాక్ట్ పాడైతే కరెంటు తగ్గి, అచ్చం మొదటి సమస్యలాగే మసకబారుతుంది, అనవసరంగా మాడ్యూల్‌ని అనుమానిస్తారు.

అప్పుడే కాపలా మనిషి వాడే ప్లాస్టిక్ టార్చి కూడా తెచ్చారు, దీనికీ అలాంటిదే పెట్టమని. దానికి 1.4 ఆంపియర్లు పెట్టనని చెప్పాను. లోపల ఎంత రాగి పెట్టినా ఆ వేడి ప్లాస్టిక్ గోడ దగ్గర ఆగిపోతుంది. ఒకే చిప్ పెట్టి 350 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉంచాను, చెక్ ట్రే చూడటానికి అది చాలు. దూరం చూడాల్సి వస్తే మెటల్ టార్చి తీసుకెళ్ళమన్నాను.